నోరు లేని పిట్టలతో పాడ్‌కాస్ట్: పదకొండు నెలల నా అనుభవం

ఎర్రకాళ్ళ కొంగ పెద్దదయ్యాక దాదాపు మూగది. గూడబాతూ, అదే పెలికాన్, అంతే. గూటి దగ్గర ఎప్పుడైనా గురకలాంటి చప్పుడు చేస్తుంది, ముక్కు టప్పున మూస్తుంది, అంతకు మించి ఏమీ ఉండదు. ఈ సంగతి తెలుసుకోకుండా, సరిగ్గా ఈ రెండు పక్షుల మీదే తెలుగులో పాడ్‌కాస్ట్ చేద్దామని రికార్డరు కొన్నదాన్ని నేను. పాడ్‌కాస్ట్ అంటే వినేది, చూపించడానికి బొమ్మ ఉండదు. 2023 అక్టోబర్ నుంచి 2024 సెప్టెంబర్ దాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇలాంటి పని పెట్టుకోవాలనుకునేవాళ్ళకి డబ్బు సంగతి ఎవరైనా చెప్తారు, ఓపిక ఎంత ఖర్చవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. అమ్మ పుట్టిల్లు టెక్కలి దగ్గర. ఆ ఏడు దసరాకి వెళ్ళినప్పుడు చిన్న మావయ్య నన్నూ మావాడినీ, ఈ రెండు పక్షులూ ఏటా వచ్చి గూళ్ళు కట్టే తేలినీలాపురం తీసుకెళ్ళాడు. చిన్నప్పుడు చూసిన ఊరే. చెట్ల మీద ఆకుల కంటే పిట్టలే ఎక్కువ కనిపించాయి. కింద నేలంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది, చేపల కంపు. ఎనిమిదో తరగతి చదివే మావాడు, "ఇవి ఎక్కడి నుంచి వస్తాయి తాతా?" అని అడిగాడు. మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "సైబీరియా నుంచిరా" అన్నాడు. అక్కడున్న నలుగురూ తలూపారు. నేనూ ఊపాను. ఆ ఒక్క మాట తర్వాత నన్ను ఎన్ని తిప్పలు పెట్టిందో ముందుముందు చెప్తాను.

తిరిగొచ్చే ప్యాసింజర్లో మావాడు పక్షుల గురించి తెలుగులో వినడానికి ఏమైనా ఉందా అని ఫోన్లో వెతికాడు. పిల్లలు వినేలాగా, మన పక్షుల గురించి మన మాటల్లో ఉన్నది ఒక్కటీ వాడికి కనబడలేదు. "నువ్వే చెయ్యమ్మా, నువ్వు కథలు బాగా చెప్తావు కదా" అన్నాడు. పిల్లలు పొగిడితే పడిపోని తల్లి ఉంటుందా?

రికార్డరు 11,400 అయింది. అరచేతిలో పట్టేది, రెండు సన్న బ్యాటరీలు వేసుకునేది. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చింది. ఇంట్లో పరీక్ష చేస్తే మొదటిసారి తెలిసింది, మా ఇల్లు ఎంత గోలగా ఉంటుందో. ఫ్యాను, కింద పోర్షన్లో మిక్సీ, వీధిలో పాత సామాన్లు కొంటామనే మైకు, అన్నిటికీ మించి ఫ్రిజ్. ఫ్రిజ్ గురగుర మామూలుగా మనకి వినపడదు, రికార్డరుకి వినపడుతుంది. ఆపేసి రికార్డు చేసుకున్నాను, మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను. తెల్లారేసరికి పాలు విరిగాయి, ఇడ్లీ పిండి పొంగి కిందకి కారింది. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత ఒక ఉపాయం దొరికింది: ఫ్రిజ్ ఆపినప్పుడు స్కూటీ తాళం అందులో పెట్టెయ్యాలి. మర్నాడు ఆఫీసుకి బయల్దేరాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు.

నవంబర్ 5, ఆదివారం. మొదటి రికార్డింగు. ముందురోజు రాత్రే మావయ్యగారింట్లో పడుకుని, నాలుగున్నరకి లేచి ఆయన బండి మీద వెళ్ళాను. రెండు గంటల నలభై నిమిషాలు రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే అందులో పనికొచ్చేది పదిహేడు సెకన్లు. మిగిలినదంతా గాలి. మన చెవికి పిల్లగాలిలా ఉండేది మైకు మీద పడితే లారీ వెళ్ళినట్టు వినిపిస్తుంది. గాలి లేనిచోట నా చెప్పుల చప్పుడు, నా ఊపిరి, మావయ్య దగ్గు. కాకులు ఉన్నాయి, జెముడుకాకి బూప్ బూప్ మంది, ఎక్కడో తీతువు అరిచింది. నేను వెళ్ళిన పక్షులు మాత్రం లేవు!

అక్కడే వాకిలి ఊడ్చుకుంటున్న ఒక మామ్మ నన్ను చాలాసేపు చూసి అడిగింది.

"ఏటమ్మా అది, సెల్లా?"

"కాదు మామ్మా, పిట్టల కూత పట్టడానికి."

"దీనికి కూతెక్కడిది తల్లీ? నోరుంటే కదేటి కూసీడానికి! పిల్లలు ఏడుస్తాయి గానీ తల్లి ఏ నాడూ నోరిప్పదు."

పుస్తకాల్లో నెల తర్వాత చదివి తెలుసుకున్న విషయం ఆ మామ్మ చీపురు ఆపకుండా చెప్పేసింది. కొంగల గూళ్ళ దగ్గర మనకి వినపడే గోలలో ఎక్కువ భాగం తిండి కోసం పిల్లలు పెట్టేది. పెద్దవి మాట్లాడుకునేది ముక్కులతో. ఆడదీ మగదీ గూటి దగ్గర కలిస్తే పై ముక్కూ కింది ముక్కూ టకటకా కొట్టుకుంటాయి, ఎండు వెదుళ్ళు ఒకదానికొకటి తగిలినట్టు ఉంటుంది. ఆ చప్పుడు పట్టాలంటే చెట్టు దగ్గరగా, గాలి లేకుండా, మనుషుల చప్పుడు లేకుండా ఉండాలి.

గాలికి మందు దొరికింది. మైకుకి తొడిగే బొచ్చు తొడుగు ఆన్‌లైన్లో పద్దెనిమిది వందలు చెప్పారు. మావాడి పాత టెడ్డీబేర్ పొట్ట కోసి, మా వీధి టైలర్‌కి ఇస్తే నలభై రూపాయలకి సంచీలా కుట్టి పెట్టాడు. ఇది దేనికని అడిగాడు. చెప్తే నమ్మలేదు.

చెట్టు దగ్గరగా వెళ్ళడం అంత తేలిగ్గా అవలేదు. ఫోన్‌తో తీసుకుంటే పర్వాలేదు గానీ స్టాండు, మైకు అంటే కాగితం కావాలన్నారు. ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి సారు క్యాంపులో ఉన్నారు. రెండోసారి సినిమా షూటింగు అనుకుని ఫీజు వేరే ఉంటుందన్నారు. మూడోసారి దరఖాస్తు తీసుకున్నారు, తీసుకున్నట్టు ముద్ర వేసి ఇమ్మంటే "అవసరం లేదమ్మా" అన్నారు. సరిగ్గా ఇరవై మూడు రోజులకి ఫోన్ వచ్చింది, చిన్న రికార్డరుకి అనుమతి అక్కర్లేదట. ఆ ఫోన్ వచ్చేలోపే నాకు దారి దొరికేసింది. అదే మామ్మ పెరట్లో చింతచెట్టు ఉంది, దాని మీద ఇరవైకి పైగా గూళ్ళు ఉన్నాయి. తన పెరట్లో కూర్చోడానికి ఎవడి కాగితం కావాలని ఆమె వాదన.

ఆ చెట్టు వల్ల ఆమెకి ఎన్ని ఇబ్బందులో అక్కడ కూర్చున్నాకే తెలిసింది. పెరట్లో బట్టలు ఆరేసుకోలేరు, వడియాలు పెట్టుకోలేరు. పైనుంచి సగం తిన్న చేపలు పడతాయి. ఆరు నెలలు వెనక తలుపు వేసే ఉంచుతారు. మరి కొమ్మలు కొట్టించెయ్యలేదా అని అడిగితే, "పురిటికొచ్చిన ఆడపిల్లని వెళ్ళగొడతామేటి?" అంది. ఆ మాట మొదటి ఎపిసోడ్లో అలాగే ఉంచాను. ఎపిసోడంతటిలో అందరికీ గుర్తున్నది అదొక్కటే.

రెండో ప్రయాణం నవంబర్ 18, 19, 20. తేదీలు పెట్టుకున్నప్పుడు నేను క్రికెట్ సంగతి చూసుకోలేదు. 19వ తేదీ ప్రపంచకప్ ఫైనల్. మధ్యాహ్నం రెండు నుంచి రోడ్డు మీద ఒక్క ఆటో లేదు, ట్రాక్టరు లేదు. ఇళ్ళలోంచి టీవీల సౌండు మాత్రం వస్తోంది. నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగు దాటాక కోహ్లి అవుటయ్యాడు. ఆ తర్వాత టీవీల సౌండు కూడా తగ్గిపోయింది, ఊరు ఊరంతా ఉసూరుమంది. అప్పుడు మొదలైంది. తంపర అనే చిత్తడి భూముల్లోంచి, నౌపడ ఉప్పుకొఠార్ల వైపు నుంచి పెద్దవి ఒక్కొక్కటీ తిరిగొచ్చి గూళ్ళ మీద వాలుతున్నాయి. రెక్కల చప్పుడు ఎవరో తడి దుప్పటి దులిపినట్టు ఉంది. పిల్లల గోల ఒక్కసారి లేచింది, మధ్యలో ముక్కుల టకటక. చీకటి పడేదాకా గంటా పది నిమిషాలు రికార్డయింది. ఈరోజుకీ నా దగ్గరున్న రికార్డింగుల్లో అదే మంచిది. ఇండియా ఓడిపోయినందుకు నాకూ బాధే, కాకపోతే ఆ సాయంత్రం నా బాధ కొంచెం తక్కువ.

మర్నాడు తెల్లవారుజామున ఇంకా మంచిది దొరుకుతుందని ఆశపడ్డాను. అది కార్తీక సోమవారం. నాలుగింటికే గుడి మైకు మొదలైంది, ఎనిమిదిన్నర దాకా ఆగలేదు. కార్తీక మాసంలో పల్లెల్లో తెల్లవారుజాము రికార్డింగు పెట్టుకోకండి.

డిసెంబర్ మొదటి వారంలో మిగ్‌జాం తుపాను. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు దూరమే, కానీ వాన మా వైపూ పడింది, వెళ్ళాల్సిన ప్రయాణం ఆగిపోయింది. మావయ్యకి ఫోన్ చేస్తే ఆయన గొంతులో కంగారు వినిపించింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఊళ్ళో చెట్లు కూలి, గూళ్ళతో సహా పక్షులు నేల మీద పడ్డాయి. 2022 మొదట్లో వందకి పైగా గూడబాతులు వరసగా చచ్చిపోయాయి, కడుపులో పరాన్నజీవి పురుగులు కారణమని తేల్చారు. "ఆ రోజుల్లో పొద్దున్నే తలుపు తియ్యాలంటే భయమేసీది" అన్నాడు. ఆయన పక్షి ప్రేమికుడని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆయనా అనుకోలేదనుకుంటాను. ఈసారి గూళ్ళకి ఏమీ కాలేదు.

వాన రోజుల్లో గొంతు రికార్డు చేద్దామని కూర్చున్నాను. గదిలో ప్రతిధ్వని వస్తోందని బట్టల బీరువా తలుపులు తెరిచి, తల లోపల పెట్టి, వెనక నుంచి బొంత కప్పుకున్నాను. డిసెంబర్లోనూ చెమటలు కారాయి. మొదటిసారి విన్నప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు. అది అందరికీ ఉంటుందట. అసలు ఇబ్బంది గొంతు కాదు, భాష. "ఈ విహంగములు జలాశయ పరిసరాలలో" అని రాసుకున్నాను. మా ఆయన విని, "రేడియోలో ప్రాంతీయ వార్తలు చదువుతున్నట్టుంది" అన్నారు. రెండు రోజులు అలిగి, మూడో రోజు కాగితం పక్కన పడేసి, మావాడిని బీరువా ముందు కూర్చోబెట్టి వాడికి చెప్పాను. వాడు మధ్యలో అడిగిన ప్రశ్నలు కూడా అలాగే ఉంచేశాను. పన్నెండు నిమిషాల ఎపిసోడ్ కత్తిరించి అతికించడానికి ఆడాసిటీలో మూడు ఆదివారాలు పట్టింది. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఆదివారాలు కావు.

డిసెంబర్ 24న ఎక్కించాను. స్పాటిఫైలో ఆ సాయంత్రమే కనబడింది, ఆపిల్లో రావడానికి ఐదు రోజులు పట్టింది. మొదట్లో విన్నవాళ్ళు 31 మంది. అందులో మా చుట్టాలు ఎంతమందో లెక్కపెట్టి, ఎందుకు లెక్కపెట్టానా అనుకున్నాను. అప్పుడు మా వదిన ఒక మాట చెప్పింది: "ఆ యాప్‌లు ఎవరి దగ్గరున్నాయి? వాట్సాప్‌లో పంపు." ఫైలుని నాణ్యత తగ్గించి, ఒకే చానెల్ చేసి, ఆరు ఎంబీ లోపు తెచ్చి పంపాను. నాలుగు రోజుల్లో అది స్కూలు టీచర్ల గ్రూపుల్లోకి వెళ్ళింది, అక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలీదు. తెలియని నంబర్ల నుంచి వాయిస్ మెసేజ్‌లు రావడం మొదలైంది. ఒకాయన తన ఊరి చెరువు దగ్గర గట్టు మీద కూర్చుని విన్నానని, ఆ వెనకే తన చెరువులో కొంగల్ని కూడా వినిపించాడు. ఆ రోజు ఆఫీసులో లెక్కలు రెండుసార్లు తప్పాను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. జనవరి 2న ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ మెసేజ్ పెట్టారు. చాలా మర్యాదగా రాశారు. "అమ్మా, ప్రయత్నం బాగుంది. అయితే గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ సైబీరియాలో ఉండవు. దయచేసి చూసుకోండి."

మూడో నిమిషంలో నేనే చెప్పాను, నా గొంతుతో, ఎంతో ఇష్టంగా: వేల మైళ్ళు దాటి, మంచు కొండలు దాటి, సైబీరియా నుంచి మన ఊరికి వస్తాయని. ఎక్కడా సరిచూసుకోలేదు. మావయ్య చెప్పాడు, పేపర్లలో అలాగే రాస్తారు, ఊళ్ళో అందరూ అంటారు, ఇంకేం కావాలనుకున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. రెండు రోజులు చదివాను. ఈ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీళ్ళనీ చేపల్నీ బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి, అంతే తప్ప హిమాలయాలు దాటి సైబీరియా పోవు. అన్నిటికంటే సులువైన గుర్తు మన కళ్ళముందే ఉంది. చలికి తట్టుకోలేక ఉత్తరం నుంచి వచ్చే వలస పక్షి ఇక్కడ చలికాలం గడిపి వెళ్తుంది, గూడు మాత్రం తన చోటికి పోయి అక్కడే పెట్టుకుంటుంది. సూదితోక బాతు అలాంటిది. కొల్లేరుకీ పులికాట్‌కీ వస్తుంది, కానీ దాని గుడ్డు మనమెవ్వరం ఇక్కడ చూడం. ఇవి మన చింతచెట్టు మీద గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుతున్నాయి. అంటే ఇవి ఇక్కడివే. పురిటికొచ్చిందని మామ్మ అన్న మాటే సరైనది. నేను ఆ మాటను రికార్డు చేసి, దాని పక్కనే సైబీరియా అని అతికించాను.

స్పాటిఫైలో పాత ఫైలు తీసి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. వాట్సాప్‌లో వెళ్ళిపోయినదాన్ని వెనక్కి తేలేం. ఇప్పటికీ ఎవరో ఒకరు పాత ఫైలే నాకు ఫార్వర్డ్ చేస్తారు, "మేడం, ఇది విన్నారా?" అని. అందుకని తప్పు దిద్దుకోవడమే రెండో ఎపిసోడ్ చేశాను. మొదటి వాక్యమే "పోయినసారి నేను తప్పు చెప్పాను" అని పెట్టాను. ఆ నాలుగు మాటలు రికార్డు చెయ్యడానికి పదకొండుసార్లు పట్టింది.

ఆ ఎపిసోడ్‌కి ఇంకో చిక్కు. సూదితోక బాతు కూత నా దగ్గర లేదు, దాని కోసం పులికాట్ దాకా వెళ్ళలేను. జెనో-కాంటో అనే వెబ్‌సైట్లో ప్రపంచంలోని పక్షి కూతలు వేలకు వేలు దొరుకుతాయి, చాలావరకు ఉచితమే. ఉచితం అనగానే దించుకుని, నా మాటల మధ్య కలిపేశాను. ఎక్కించే ముందురోజు లైసెన్సు చదివాను. ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చు, మార్చకూడదు, దేంతోనూ కలపకూడదు అని ఉంది. కూత తీసిన ఆయనకి ఉత్తరం రాశాను. పదకొండు రోజులకి జవాబొచ్చింది, సంతోషంగా వాడుకోండి, పేరు చెప్పండి చాలు అన్నాడు. ఎపిసోడ్ ఆలస్యమైంది, ఆ పదకొండు రోజులూ తప్పు ఎపిసోడ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. కూత తీసుకునేటప్పుడు లైసెన్సు ముందు చదవండి, తర్వాత దించుకోండి.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మావయ్య ముభావంగా ఉన్నాడు. రెండో రోజు బయటపడ్డాడు. "సైబీరియా అంటేనే కదమ్మా జనం కార్లేసుకుని వస్తున్నారు. మన పిట్టలే అంటే ఎవడొస్తాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఊరి గొప్పని తీసేసినదాన్నయ్యాను. మామ్మ పెరట్లో కూర్చుని ఆమెకి రెండో ఎపిసోడ్ మొత్తం వినిపించాను. చెంగుతో మూతి తుడుచుకుని, "మరైతే మిగతా ఆరు నెలలూ ఎక్కడుంటాయి?" అంది. నీళ్ళున్నచోట, చెరువుల్లో, అక్కడా ఇక్కడా అన్నాను. "అత్తారిల్లు ఎక్కడో తెలీదన్నమాట నీకు" అని నవ్వింది. నిజమే. ఈ ఊరి పిట్టలు ఏప్రిల్ తర్వాత సరిగ్గా ఏ చెరువుకి పోతాయో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి ఎపిసోడ్లు త్వరగా చెప్పేస్తాను. కంసాలి పిట్ట మీద చేసింది ఎవరూ పెద్దగా వినలేదు. నాకు మాత్రం అదే ఇష్టం, ఆ టుక్ టుక్ మా ఆఫీసు వెనక వేపచెట్టు మీదే దొరికింది, చార్జీ సున్నా. మార్చిలో తీతువు మీద చేసింది మాత్రం అన్నిటికంటే ఎక్కువ తిరిగింది. తీతువు కూస్తే చావు వస్తుందని మనవాళ్ళు అంటారు కదా. అది నేల మీద, రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. రాత్రి కుక్కో నక్కో మనిషో అటు నడిస్తే గుడ్లకి ముప్పని అరుస్తుంది. చావు కబురు చెప్పేవాడు రాత్రిపూట పొలం గట్టు మీదే నడిచి వచ్చేవాడేమో, ఇది నా ఊహ. అలాగే ఊహ అనే చెప్పాను. సైబీరియా తర్వాత ప్రతి వాక్యానికీ ఇది ఎవరు చెప్పారు, నాకెలా తెలుసు అని పక్కన రాసుకుంటున్నాను.

ఆ ఎపిసోడ్ వల్లే నాకు బాగా బాధ కలిగింది. ఒక స్కూల్లో పిల్లలు అందులోని తీతువు కూతని బ్లూటూత్ స్పీకర్లో పెట్టి, పొలంలో గుడ్ల దగ్గర వినిపించారట. పక్షి గంటసేపు వాళ్ళ తల చుట్టూ తిరుగుతూ అరిచిందని టీచరమ్మ సరదాగా వీడియో పంపింది. పక్షికి అది ఇంకో పక్షి తన చోటుకి వచ్చినట్టు. గుడ్లు ఎండలో వదిలేసి తరమడానికి వస్తుంది. పిల్లల తప్పు కాదు, నేను ముందు చెప్పాల్సింది. అప్పటి నుంచి ప్రతి ఎపిసోడ్ మొదట్లో "ఈ కూతల్ని పక్షుల దగ్గర వినిపించకండి" అని చెప్తున్నాను. గుడ్లగూబల మీద చేసినప్పుడు ఏ చెట్టు, ఏ ఊరు అన్నది అసలు చెప్పలేదు. దీపావళికి వాటి కోసం వెతికేవాళ్ళు ఉంటారు.

డబ్బు సంగతి. సెప్టెంబర్ నాటికి రికార్డరు, కార్డు, ఏడు ప్రయాణాలు, బ్యాటరీలు అన్నీ కలిపి పందొమ్మిది వేలు దాటింది. వచ్చింది సున్నా. ఒకే ఒక్క ప్రకటన అడిగారు. పక్షుల పంజరాలు అమ్మే ఒకాయన ఫోన్ చేసి, ఎపిసోడ్‌కి రెండు వేలు ఇస్తానన్నాడు. లవ్ బర్డ్స్, పంజరాలు, గింజలు. మాటల్లో మాటగా, కావాలంటే రామచిలుక పిల్లలు కూడా ఇప్పిస్తానన్నాడు. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం అన్నీ నేరమే. ఆయనకి ఆ మాట చెప్తే, "మేడం, మీరు పక్షుల మనిషి అనుకున్నాను" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాతి ఎపిసోడ్ రామచిలుక మీదే చేశాను.

మార్చి చివరికి మామ్మ చింతచెట్టు ఖాళీ అవుతూ వచ్చింది. పిల్లలు పెద్దవాటంత అయ్యాయి, గొంతులు కూడా తగ్గాయి. చివరిసారి రికార్డు చేసినప్పుడు చెట్టు మీద డెబ్బై పిట్టలు ఉంటే ఆడియోలో ఎండుటాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె వెనక తలుపు తీసి, పెరడంతా కడిగించి, నులక మంచం వేసుకుంది. వేసవంతా ఫోన్లో అడుగుతూనే ఉంది, "అత్తారిల్లు దొరికిందేటి?" అని.

సెప్టెంబర్ మూడో వారంలో ఒకరోజు పొద్దున ఆరింటికి మావయ్య దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల పది సెకన్లు. మొదట బండి ఆపిన చప్పుడు. తర్వాత గాలి, ఎవరో నీళ్ళు తోడుతున్న చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు, ఫోన్ చెట్టు వైపు ఎత్తి పట్టుకున్నట్టున్నాడు. ఒకటిన్నర నిమిషం దగ్గర సన్నగా టకటకమని రెండుసార్లు వినిపించింది. చివర్న ఆయన గొంతు:

"వచ్చేశాయమ్మా. ఎక్కడ్నించని మాత్రం నన్నడక్కు."